ఒంటిమీది దద్దు – దాని వెనుక దోషి

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో మన దేశంలో విడిసిన అమెరికన్ సైనికులను ఒక వింత చర్మవ్యాధి పట్టి పీడించింది. మెడ వెనుకనో, నడుము దగ్గరనో చర్మం ఎర్రబడి, వాచి, పొక్కులు లేచేవి. దురద నిద్ర పట్టనిచ్చేది కాదు. కారణం ఉతికి వచ్చిన బట్టలలో ఉన్నది! ఎవరి బట్టలు ఎవరివో తెలియడానికి రజకులు వాటిమీద నల్లజీడి గింజ రసంతో గుర్తు పెట్టేవారు. ఎన్ని ఉతుకులకూ చెరగని ఆ గుర్తు చర్మానికి తాకిన చోటనే దద్దు లేచేది. 1943లో అమెరికన్ వైద్యులు దీనిని 'ధోబీ గుర్తు చర్మశోథ' అన్న పేరుతో వర్ణించారు.

కారణం తెలియని దద్దుతో బాధపడేవారికి ఈ ఉదంతంలో ఒక పాఠమున్నది. దద్దు లేచిన చోటే తరచు దోషిని పట్టి ఇస్తుంది. చెవితమ్మెలకు, బొడ్డు కింద వస్తే చవక నగలలో, బెల్టు బకిల్సులో ఉండే నికెల్‌ను శంకించాలి. నుదుట వస్తే అంటించుకునే బొట్టు జిగురును, తాపీపనివారి చేతులకు వస్తే సిమెంటులోని క్రోమియంను అనుమానించాలి. గోళ్ళరంగు ఒక్కొక్కప్పుడు గోళ్ళను విడిచి, చేయి తాకే కనురెప్పలమీద ప్రతాపం చూపుతుంది. ముఖం, మెడ, మోచేతి మడతలు కందిపోయే రైతు గట్టుమీది వయ్యారిభామను గమనించుకోవాలి. 1950వ దశకంలో పుణేలో కంటబడిన ఈ అమెరికా ఖండపు కలుపుమొక్క దేశమంతటా పాకింది. ఎండిన దాని పొడి గాలిలో తేలివచ్చి తాకినా చాలు. పొలమే బ్రతుకుతెరువైన వానికి ఇది చిన్న బాధ కాదు.

చోటు తరువాత చూడవలసినది కాలం. ఇటువంటి దద్దు సాధారణంగా తాకిన ఒకటి రెండు రోజులకు గాని బయటపడదు. అందుచేత మొన్నటి తప్పుకు నేటి వంకాయకూర నింద మోస్తుంది! ఏళ్ళ తరబడి వాడిన వస్తువు కూడ ఒకనాటికి పడకపోవచ్చు. కొత్త సబ్బు, మందు, నగ, చెప్పులు, చేసిన పని – అన్నిటినీ తేదీలతో వ్రాసిపెట్టుకుంటే వైద్యునికి సగం శ్రమ తప్పుతుంది.

మిగిలిన సగానికి 1895లో జర్మన్ వైద్యుడు యాడస్సోన్ వివరించిన 'ప్యాచ్ పరీక్ష' ఉన్నది. అనుమానిత పదార్థాలను కొద్దికొద్దిగా వీపున అంటించి, 48 గంటల తరువాత తీసి చూస్తారు. ఒకటి రెండు రోజులాగి మళ్ళీ చూస్తారు. దోషి ఉన్న చోట చర్మం ఎర్రబడుతుంది.

దద్దు అంతా ఒకటే కాదు. రాత్రిళ్ళు దురద హెచ్చి, ఇంటిల్లిపాదీ గోక్కుంటుంటే అది గజ్జి కావచ్చు. అంచులు తేరి వలయంలా విస్తరిస్తే తామర కావచ్చు. దానికి స్టెరాయిడ్ లేపనం స్వయంగా కొని పూసుకుంటే ముదురుతుంది. పెదవులు వాచి ఊపిరాడకపోయినా, కొత్త మందు మింగిన తరువాత జ్వరంతో నోట, కంట పుండ్లు లేచినా క్షణమాలస్యం చేయక ఆసుపత్రికి వెళ్ళాలి.

తాకుడువల్ల వచ్చిన దద్దు అని తేలిన తరువాత మాత్రం అసలు చికిత్స తేలికైనదే: ఆ వస్తువును ఇక దగ్గరకు రానీయకపోవడం.