స్పృహ తప్పి పడిపోతున్నారా? కారణం తెలిసేదాకా వదలకండి

"నీరసంతో పడిపోయింది సిస్టర్, ఒక సెలైన్ పెట్టండి" అంటూ మా క్యాజువాలిటీకి వచ్చే కుటుంబాలు చాలా ఉన్నాయి. సెలైన్ అయ్యేసరికి మనిషి లేచి కూర్చుంటుంది, ఇంటికి తీసుకువెళ్తారు. కొన్నాళ్ళకు మళ్ళీ పడిపోతుంది. ఈలోగా ఒకరు గాలి సోకిందంటారు, మరొకరు ఫిట్స్ అంటారు. పెళ్ళి కావలసిన పిల్ల అయితే సంగతే బయటపడనివ్వరు. ఎందుకు పడిపోయిందన్న ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోతుంది.

ఎందుకు జరుగుతుంది?

మెదడుకు వెళ్ళే రక్తం కొద్ది సెకన్లు తగ్గితే స్పృహ తప్పుతుంది. కింద పడగానే రక్తం మళ్ళీ మెదడుకు చేరుతుంది కనుక, సాధారణంగా నిమిషంలోపే తెలివి వస్తుంది. ముఖ్య కారణాలు మూడు.

1. ఎండలో ఎక్కువసేపు నిలబడినా, రక్తం చూసినా, నొప్పి కలిగినా కొందరికి బి.పి., గుండె వేగం ఒక్కసారిగా పడిపోతాయి. ముందుగా చెమటలు, వికారం, కళ్ళు మసకబారడం ఉంటాయి. ఎక్కువమందిలో కారణం ఇదే. దీనివల్ల ప్రాణాపాయం లేదు గాని పడి దెబ్బలు తగలవచ్చు.

2. లేచి నిలబడగానే బి.పి. తగ్గడం. వృద్ధులలో, షుగర్ ఉన్నవారిలో, బి.పి. లేక ప్రోస్టేట్ బిళ్ళలు వాడేవారిలో, విరేచనాలైనవారిలో చూస్తాము.

3. గుండె లయ తప్పడం, గుండె కవాటం సన్నబడడం. ఇది ప్రమాదకరం.

ఫిట్స్‌లో తెలివి వచ్చాక కూడా చాలాసేపు అయోమయం ఉంటుంది, నాలుక పక్కభాగం తెగవచ్చు. మామూలుగా స్పృహ తప్పినప్పుడు కూడా కాళ్ళు చేతులు కాసేపు కొట్టుకోవచ్చు. అది చూసి ఫిట్స్ అని నిర్ణయిస్తే, అవసరం లేని బిళ్ళలు ఏళ్ళ తరబడి మింగవలసి వస్తుంది.

మొదటి పరీక్ష మీ మాటే

పడిపోయిన మనిషికి ఏం జరిగిందో తెలియదు. కాబట్టి చూసినవారిని తప్పక వెంట తీసుకురండి. సెల్‌ఫోనులో వీడియో తీసి ఉంటే ఇంకా మంచిది. ఈ సంగతులు రాసి ఉంచండి:

- ఏ సమయం? నిలబడి ఉన్నారా, కూర్చున్నారా, పడుకున్నారా?
- ముందు ఏమనిపించింది? గుండె దడ వచ్చిందా?
- ముఖం పాలిపోయిందా? ఎంతసేపటికి తెలివి వచ్చింది?
- వాడుతున్న మందులన్నీ.

తరువాత పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి 3 నిమిషాలదాకా బి.పి. చూస్తాము. పై అంకె 20 లేక అంతకంటే ఎక్కువ తగ్గితే అది లెక్కలోకి వస్తుంది. ఇ.సి.జి. అందరికీ తీయాలి. బ్రెయిన్ స్కాన్ అందరికీ అవసరం లేదు.

ఇంతటితో తేలకపోతే ఎకో, 24 గంటల హోల్టర్ ఉన్నాయి. టిల్ట్ పరీక్షలో బల్లకు పట్టీలతో కట్టి 60, 70 డిగ్రీల వాలుకు లేపి బి.పి. గమనిస్తారు. కారణం దొరకని రోగులలో ఇది ఉపయోగపడుతుందని లండన్ వైద్యులు 1986లో తెలిపారు. ఎప్పుడో ఒకసారి పడిపోయేవారికి 24 గంటల పరీక్షలో ఏమీ దొరకకపోవచ్చు. రిపోర్టు నార్మల్ అంటే జబ్బు లేదని కాదు. అలాంటివారికి చర్మం కింద అమర్చి 2, 3 ఏళ్ళు గుండె లయను నమోదు చేసే చిన్న పరికరం ఉంది.

ఆలస్యం చేయకూడనివి

పరుగెత్తుతుండగా, బరువు పని చేస్తుండగా, పడుకుని ఉండగా స్పృహ తప్పినా, ఛాతీనొప్పి లేక దడతో పడిపోయినా, ఇంట్లో చిన్న వయసులో ఎవరైనా హఠాత్తుగా చనిపోయి ఉన్నా వెంటనే గుండె వైద్యునికి చూపించాలి. పుట్టు చెవుడు ఉన్న బిడ్డ స్పృహ తప్పితే ఇ.సి.జి. తప్పనిసరి. చెవుడుతోపాటు గుండె లయ దోషం కూడా వచ్చే వంశపారంపర్య జబ్బు ఒకటుంది, 1957లో నార్వే వైద్యులు దీన్ని వివరించారు. మేనరికాలు ఉన్న కుటుంబాలలో ఇలాంటి జబ్బులకు అవకాశం ఎక్కువ.

కారణం తెలిసేలోగా

- కళ్ళు తిరగబోతుంటే వెంటనే పడుకోండి. వీలుకాకపోతే కాళ్ళు మెలివేసి, పిడికిళ్ళు గట్టిగా బిగించండి.
- నీళ్ళు బాగా తాగండి. ఉప్పు పెంచడం డాక్టరు చెబితేనే.
- బండి నడపడం, చెట్లెక్కడం, ఒంటరిగా చెరువులో దిగడం మానండి.
- పడిపోయినవారిని చదునుగా పడుకోబెట్టి కాళ్ళు ఎత్తండి. నోట్లో నీళ్ళు పోయకండి. చేతిలో తాళాలు పెట్టడం వల్ల లాభం లేదు. నిమిషం దాటినా తెలివి రాకపోతే 108కి ఫోన్ చేయండి.

ఎన్ని పరీక్షలు చేసినా కొందరిలో కారణం వెంటనే దొరకదు. అది వారి నటన కాదు, మనసు బలహీనతా కాదు. ఇ.సి.జి. కాగితాలు, మందుల చీటీలు, మీరు రాసుకున్న పుస్తకం ఒకే సంచిలో భద్రపరచి ప్రతిసారీ తీసుకురండి. ఈసారి సెలైన్ అడిగే ముందు "ఎందుకు పడిపోయింది?" అని అడగండి.