ఒంటరినని సంతకం పెట్టేముందు



నలుగురిలో చెప్పుకోలేని విషయం ఒకటి ఈవేళ మాట్లాడుకుందాం. భర్త పోయిన స్త్రీ మరో తోడు చూసుకుంటే తప్పేమీ లేదు. చిక్కల్లా పింఛను కోసం ఆ తోడును దాచడంలోనే వస్తుంది. "ఆ గొడవ మనకెందుకు?" అనుకోకండి. మీ చెల్లెలో, పక్కవాటా ఆవిడో రేపు మిమ్మల్నే సలహా అడగవచ్చు.

అనకాపల్లిలో ఒకావిడ ఉందనుకుందాం. భర్త మిల్లులో పనిచేస్తూ పోయాడు. ప్రావిడెంట్ ఫండు పింఛను వస్తోంది. ఇద్దరు చిన్నపిల్లలు. తెలిసినాయన నూకాలమ్మ గుడిలో తాళి కట్టి, "బయటికి చెప్పకు, పింఛను పోతుంది" అన్నాడు. అడిగినప్పుడల్లా ఆవిడ 'మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు' అని సంతకం పెడుతోంది. అది కొంగున నిప్పు కట్టుకోవడమే.

1995 నాటి ఆ పథకంలో వితంతు పింఛను పునర్వివాహం దాకానే. తరువాత తీసుకున్నది తిరిగి కట్టమంటారు. తెలిసి అబద్ధం రాసినందుకు మోసం కేసూ రావచ్చు. అసలు విషయం చెబితే ఏం పోయేది? తల్లి పింఛను ఆగినా, అందులో 75 శాతం చొప్పున ఇద్దరు పిల్లలకు 25 ఏళ్ళ వయసు వచ్చేదాకా ఇస్తారు. దాచినందువల్ల పిల్లలకు రావలసిందే రాకుండా పోయింది!

అన్ని పింఛన్లకూ ఒకే నిబంధన లేదు. కేంద్రప్రభుత్వ ఉద్యోగి భార్యకు సంతానం లేకపోతే, మళ్ళీ పెళ్ళాడినా, సొంత ఆదాయం కనీస కుటుంబ పింఛనును చేరనంతవరకు పింఛను ఆగదు. అందుకని ముందు మీది ఏ పింఛనో చూసుకోండి.

"పెళ్ళి కాలేదండీ, ఊరికే కలిసి ఉంటున్నాం" అంటారా? కలిసి ఉన్నంతమాత్రాన అది పునర్వివాహం కాదు, నిజమే. కాని దాచి ఉంచితే మరో నష్టం ఉంది. 2005 గృహహింస చట్టం పెళ్ళి వంటి సహజీవనంలో ఉన్న స్త్రీకి కూడా రక్షణ ఇస్తుంది. ఐతే 2010లో సుప్రీంకోర్టు కొన్ని షరతులు చెప్పింది. ఇద్దరూ భార్యాభర్తల్లాగా లోకానికి తెలిసేలా చాలాకాలం కలిసి ఉండాలి. ఇద్దరికీ పెళ్ళాడే అర్హత ఉండాలి. అతనికి ఇంతకుముందే భార్య ఉంటే ఆ అర్హత లేనట్టే.

ఇప్పుడు ఆలోచించండి. రేపు అతను కొట్టినా, గెంటేసినా మీరు కోర్టుకు వెళతారు. అతని వకీలు మీ పింఛను కాగితమే తీసి, "ఒంటరినని ఈవిడే రాసిందండీ" అంటాడు. రహస్యం మగవాడికి చుట్టం, మనకు కాదు.

సంతకానికి ముందే ఒక మాట అడిగి తెలుసుకోండి. ఆదాయం ఎంతున్నా స్త్రీలకు ఉచిత న్యాయసహాయం 1987 చట్టం ఇచ్చిన హక్కు. కోర్టుల్లో న్యాయసేవా సంస్థలున్నాయి. 15100కు ఫోను చేసినా సరే. ఆపద వస్తే 181 ఉంది.

తోడు కావాలనుకుంటే నలుగురి ఎదుట కట్టించుకోండి. చట్టం మీ పక్కన నిలబడుతుంది. సెలవు.