బయటికి దారి ఉన్న చోటే బ్లాగు

పాశర్లపూడిలో గ్యాస్ బావి అంటుకున్నది 1995 జనవరిలో. 65 రోజులు మండింది. మరుసటి ఏడాది నవంబరు తుఫాను కోనసీమ కొబ్బరితోటల్ని నేలకూల్చింది. 2011లో ఇక్కడి రైతులు పంట విరామం ప్రకటించి దేశమంతా తమ గోడు వినేలా చేశారు. వీటిని కళ్లారా చూసినవాళ్లు, జగ్గన్నతోట తీర్థానికి ప్రభలు మోసినవాళ్లు, బండారులంకలో మగ్గం నేసినవాళ్లు చెప్పగలిగింది ఎంతో ఉంది. పత్రికల్లో వచ్చింది అందులో కొంతే. మిగతాది ఎవరో ఒకరు కూర్చుని రాయాలి, ఆ రాత మనవల కాలం దాకా నిలవాలి. పుస్తకం అచ్చు వేయించుకునే స్తోమత అందరికీ ఉండదు గనక అమలాపురంలోనో రాజోలులోనో కొత్తపేటలోనో ఉండే ఒక రిటైర్డ్ మాస్టారికి ఉచిత బ్లాగే దగ్గరి దారి. అయితే అది ఎక్కడ తెరవాలి?

చాలామంది ముందు చూసేది పేజీ ఎంత అందంగా ఉంది, ఎన్ని హంగులున్నాయి అని. పదిహేను, ఇరవై ఏళ్లు రాయదలచుకున్నవాళ్లు ముందుగా అడగాల్సింది వేరు: రేపు ఇక్కడినుంచి వెళ్లిపోవాలంటే నా రాతలన్నీ నాతో వస్తాయా? గోదావరి లంకలో ఇల్లు కట్టేవాడు నది ఎటు కోస్తోందో చూసుకున్నట్టు, ఉచితంగా చోటు ఇచ్చే ఏ కంపెనీ అయినా ఏదో ఒకనాడు ఆ చోటు తీసేస్తుందనుకునే దిగాలి. జరిగినవి చూస్తే ఈ జాగ్రత్త ఎందుకో తెలుస్తుంది. సొంత వెబ్‌పేజీలకు పేరుపడ్డ జియోసిటీస్‌ను యాహూ 2009లో మూసేసింది. మన కుర్రకారు రాత్రింబవళ్లు గడిపిన ఆర్కుట్ 2014లో పోయింది. తెలుగు సాహిత్య చర్చలకు నెలవైన రచ్చబండ యాహూ గ్రూపుల్లో నడిచింది. ఆ గ్రూపుల్లోని పాత ఉత్తరాల్ని కంపెనీ 2019 డిసెంబరులో తీసేసింది, మరుసటి ఏడాది గ్రూపుల్నే మూసేసింది. ప్రతిసారీ ముందుగా గడువు ఇచ్చారు. ఆ గడువులో తమ రాతల్ని దింపుకున్నవాళ్లకు అవి మిగిలాయి.

ఈ లెక్కన చూస్తే మన మాస్టారి ముందు నిలిచేవి ప్రధానంగా రెండు, బ్లాగర్, వర్డ్‌ప్రెస్.కామ్. 1999లో మొదలైన బ్లాగర్‌ను గూగుల్ 2003లో కొన్నది. 2006 ప్రాంతాల్లో లేఖిని లాంటి పనిముట్లు వచ్చి తెలుగులో టైపు చేయడం తేలికయ్యాక తెలుగు బ్లాగుల్లో ఎక్కువ భాగం ఈ రెండు చోట్లే పుట్టాయి. కొత్త టపాల్ని ఒక్కచోట చూపించిన కూడలి, జల్లెడ, హారం వంటి సంకలినుల వెలుగు తగ్గిపోయినా, ఆనాటి బ్లాగులు వందల్లో ఇప్పటికీ తెరుచుకుంటున్నాయి. రెంటిలోనూ రాసిందంతా ఒక ఫైలుగా దింపుకునే వీలుంది. ఆ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూస్తే సంగతి అర్థమవుతుంది. గుర్తుల మధ్య మన తెలుగు వాక్యాలన్నీ కనిపిస్తాయి, తేదీలుంటాయి, పాఠకుల వ్యాఖ్యలుంటాయి. ఫొటో ఉండాల్సిన చోట మాత్రం ఆ ఫొటో ఉన్న చిరునామా ఒక్కటే ఉంటుంది. కాబట్టి అసలు ఫొటోలు విడిగా దాచుకోవలసిందే. నా మొగ్గు వర్డ్‌ప్రెస్ వైపు. దాని వెనకున్న సాఫ్ట్‌వేర్ ఓపెన్ సోర్స్, ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు. అక్కడ దింపుకున్న ఫైలును వర్డ్‌ప్రెస్ నడిచే మరే సర్వరులోనైనా ఎక్కించవచ్చు. ఉచిత ఖాతాలో చోటు తక్కువ, మన పేజీలో వాళ్ల ప్రకటనలు కనిపిస్తాయి, సొంత డొమైన్ పెట్టుకోవాలంటే డబ్బు కట్టాలి. ఫొటోలు ఎక్కువగా పెట్టేవాళ్లకు, ప్రకటనలు వద్దనుకునేవాళ్లకు బ్లాగరే నయం.

చిరునామా సంగతి ఇంకా ముఖ్యం. కొన్నేళ్లపాటు మన దేశంలో బ్లాగర్ బ్లాగు తెరిస్తే దాని బ్లాగ్‌స్పాట్ చిరునామా చివర .కామ్ బదులు .ఇన్ వచ్చేది. జనం అదే కాపీ చేసి పంచుకున్నారు. 2020లో ఆ బ్లాగ్‌స్పాట్.ఇన్ డొమైన్ గూగుల్ చేజారింది. బ్లాగులు .కామ్ మీద భద్రంగానే ఉన్నా, పంచుకున్న ఆ పాత లంకెలు పనిచేయడం మానేశాయి. అంత పెద్ద సంస్థకే డొమైన్ నిలుపుకోవడంలో పొరపాటు జరిగితే మనకు జరగదా? సొంత డొమైన్ ఉంటే బ్లాగును ఎక్కడికి మార్చినా చిరునామా మారదన్నది నిజమే. ఏడాదికి సుమారు వెయ్యి రూపాయలు కట్టగలిగి, తన తర్వాత కట్టే మనిషి ఇంట్లో ఉన్నవాళ్లు తప్పక తీసుకోవాలి. ఆ మనిషి లేకపోతే ఉచిత చిరునామాతోనే ఉండటం మేలంటాను. డబ్బు కట్టడం ఆగిన డొమైన్‌ను ఎవరైనా కొనుక్కోవచ్చు.

డబ్బు పెట్టి హోస్టింగ్ కొనుక్కుంటే ఈ బాధలేవీ ఉండవు కదా అనేవాళ్లున్నారు. అద్దె కడుతున్నంత కాలం వాళ్ల మాట నిజం. రాసినాయన కన్నుమూస్తే కార్డు ఆగుతుంది, గడువు తీరితే సైటు పోతుంది. ఉచిత చోట్లలోని బ్లాగులు డబ్బు కట్టేవాళ్లు లేకపోయినా చాలాకాలం అలాగే ఉంటాయి. ఫేస్‌బుక్‌లో చదివేవాళ్లు వేలల్లో ఉండగా బ్లాగెందుకు అన్నది మరో మాట, అందులోనూ బలముంది. కానీ ఆరేళ్ల కింద ఫేస్‌బుక్‌లో పెట్టిన పోస్టును ఇవాళ వెతికి పట్టుకోవడం ఎంత కష్టమో వాడేవాళ్లకు తెలుసు. రాత బ్లాగులో ఉంచి లంకె ఫేస్‌బుక్‌లో, వాట్సాప్‌లో పెడితే రెండు ప్రయోజనాలూ నెరవేరుతాయి.

రాత ఏ రూపంలో ఉందన్నది కూడా చూసుకోవాలి. ఒకప్పుడు తెలుగు పత్రికల వెబ్‌సైట్లు ఎవరి ఫాంటు వాళ్లు వాడేవి. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో అక్షరాల బదులు అర్థంలేని గుర్తులు కనిపించేవి. నేటికీ డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో కొట్టిన వ్యాసాన్ని నేరుగా బ్లాగులో అతికిస్తే జరిగేది అదే. ముందు ఏ కంప్యూటర్లోనైనా కనిపించే యూనికోడ్‌లోకి మార్పించాలి. పేజీని ఫొటో తీసి పెడితే కంటికి కనిపిస్తుంది గానీ, గూగుల్‌లో వెతికే మనవడికి దొరకదు.

ఇంటర్నెట్ ఉంటేనే రాతలు కనిపిస్తాయన్న సంగతి కోనసీమకు ప్రత్యేకంగా తెలుసు. 2022 మే 24 అమలాపురం అల్లర్ల తర్వాత జిల్లాలో చాలా రోజులు నెట్ ఆపేస్తే, ఇళ్లనుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు సిగ్నల్ కోసం గోదావరి ఒడ్డుకు చేరుకున్నారు. అందుకే మూడు నెలలకోసారి బ్లాగునుంచి దింపుకున్న ఫైలునూ ఫొటోలనూ పెన్‌డ్రైవులో వేసి ఇంట్లో ఉంచాలి. ముఖ్యమైన టపాలను ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో ఎవరైనా ఉచితంగా భద్రపరచవచ్చు. ఇక బ్లాగర్ వాడేవాళ్లు మరవకూడనిది ఒకటుంది. రెండేళ్లు వాడని వ్యక్తిగత ఖాతాలను తొలగించవచ్చని గూగుల్ 2023లో నియమం పెట్టింది. ఖాతా కదలకుండా ఉండిపోతే ఆ సంగతి ఎవరికి తెలియజేయాలో, ఏమేమి వాళ్లకు అందించాలో ముందే చెప్పిపెట్టే ఏర్పాటు ఖాతా సెట్టింగుల్లోనే ఉంది. అక్కడ కొడుకు పేరో, కోడలి పేరో, ఊళ్లో నమ్మకమైన శిష్యుడి పేరో ఇచ్చి, పెన్‌డ్రైవు ఎక్కడుందో కూడా వాళ్లకు చెప్పి ఉంచాలి.