పాటలో ఎవరెక్కడ కూర్చోవాలి?

వయొలిన్ ట్రాక్ మీదున్న పాన్ స్లైడర్‌ని కాస్త కుడికి జరిపితే, వయొలిన్ నిజంగానే లేచి కుడి పక్కకి వెళ్లి కూర్చున్నట్టుంటుంది, ఎందుకు తాతయ్యా అని అడిగావు. మంచి ప్రశ్నే తల్లీ. నీ ముందున్నవి రెండే స్పీకర్లు. వాటి మధ్య ఖాళీ గోడ. మరి ఆ గోడలోంచి నీ గొంతు ఎలా వస్తోంది?

ఆ స్లైడర్ చేసే పని చాలా చిన్నది. ఒకే ట్రాక్‌ని రెండు స్పీకర్లకీ పంపుతూ, దేనికెంత పంపాలో మారుస్తుంది, అంతే. కావడి చూశావుగా. రెండు కుండల్లోనూ నీళ్లు సమంగా ఉంటే బద్ద నడుమ భుజం ఉంటుంది. కుడి కుండ బరువెక్కితే భుజాన్ని అటు జరుపుకోవాలి. అలాగే రెండు స్పీకర్లూ సమంగా మోగితే శబ్దం నట్టనడుమ నిలుస్తుంది. కుడిది కాస్త గట్టిగా మోగితే అటు జరుగుతుంది. అక్కడ వాయిద్యమూ లేదు, స్పీకరూ లేదు. ఆ చోటు కట్టేది నీ మెదడు.

కుడి పక్క నుంచి ఎవరైనా పిలిస్తే ఆ పిలుపు కుడిచెవికి ముందు, ఎడమచెవికి తర్వాత చేరుతుంది. ఎంత తర్వాతంటావా? మహా అయితే సెకనులో పదిహేను వందలో వంతు. పైగా తల అడ్డం కాబట్టి ఎడమచెవికి కాస్త మెత్తగా వినిపిస్తుంది. సన్నని స్వరాలకి ఈ గట్టి, మెత్తన తేడా, బరువైన స్వరాలకి ముందువెనకల తేడా ఆనవాలని లార్డ్ రేలీ 1907లో వివరించాడు. సెకనుకి 80 సార్లు కంపించే శబ్దం అల పొడవు నాలుగు మీటర్ల పైచిలుకు. దానికి నీ తల ఒక అడ్డమా?

ఇక్కడో చిక్కుంది. స్లైడర్ ఇచ్చేది గట్టి, మెత్తన తేడా ఒక్కటే. ముందువెనకల తేడా అది ఇవ్వదు. మరి బరువైన స్వరం ఎలా జరుగుతుంది? దీన్ని విప్పినవాడు లండన్‌లో ఈఎంఐ కంపెనీ ఇంజనీరు అలన్ బ్లమ్‌లైన్. ఇలా రెండు స్పీకర్లతో వినిపించే స్టీరియో పద్ధతికి 1931లో పేటెంటుకి దరఖాస్తు పెట్టాడు. స్పీకర్లతో వింటున్నప్పుడు ప్రతి చెవికీ రెండు స్పీకర్లూ వినిపిస్తాయి, దగ్గరిది ముందు, దూరంది వెనక. ఆ రెండలలూ చెవి దగ్గర కలిసిపోతాయి. ఏ స్పీకర్ గట్టిదన్నదాన్ని బట్టి, కలిసిన అల ఒక చెవిలో కాస్త ముందుకీ, రెండో చెవిలో కాస్త వెనక్కీ జరుగుతుంది. స్పీకర్ల దగ్గర గట్టి, మెత్తన తేడాగా బయల్దేరింది చెవుల దగ్గరికొచ్చేసరికి కాలం తేడాగా మారిపోతుంది! ధ్వనిశాస్త్రంలో నాకింతకన్నా అందమైన సంగతి కనపడలేదు. బ్లమ్‌లైన్ 1942లో, విమానంలో రాడార్ పరీక్షలు చేస్తూ ప్రమాదంలో పోయాడు. అప్పటికి ముప్పై ఎనిమిదేళ్లు. స్టీరియో రికార్డులు అంగళ్లలోకి వచ్చింది ఆ దశాబ్దం గడిచి, ఇంకో దశాబ్దం చివరికొచ్చాకే.

హెడ్‌ఫోన్స్‌లో ఈ కలయిక జరగదు. ఏ చెవిది ఆ చెవికే. అందుకే కొస దాకా లాగిన వాయిద్యం చెవిలో దూరినట్టుంటుంది. బీటిల్స్ వాళ్ల 1963 నాటి చాలా పాటల స్టీరియో రికార్డుల్లో గొంతులు ఒక పక్క, వాయిద్యాలు ఒక పక్క ఉంటాయి. అప్పట్లో వాళ్లు వాడినది రెండే ట్రాకుల టేపు. గదిలో స్పీకర్లతో వింటే బాగానే ఉంటాయి. హెడ్‌ఫోన్స్‌తో ఎక్కువసేపు వినడం కష్టం.

నువ్వు ట్రాకులు కలిపే సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో ‘పాన్ లా’ అని ఉంటుంది, దాన్ని పట్టించుకో. నడుమ ఉన్నప్పుడు చెరో సగం పంపితే చాలు కదా అనిపిస్తుంది. చాలదు. శక్తి, సిగ్నల్ బలానికి వర్గం లెక్కన ఉంటుంది. 0.5 వర్గం 0.25, రెండు పక్కలవీ కలిపితే 0.5. అంటే వయొలిన్‌ని ఎడమ కొస నుంచి కుడి కొసకి నడిపిస్తే మధ్యలో నీరసపడిపోతుంది. అందుకని నడుమ 0.707 చొప్పున ఇచ్చే పద్ధతి వచ్చింది. దాని వర్గం 0.5, రెండూ కలిపితే 1. ఒక్కో పక్కా 3 డెసిబెల్స్ తగ్గించడమన్నమాట. అయితే ఒకే స్పీకరున్న ఫోన్‌లో ఈ రెండూ నేరుగా కూడి 1.414 అవుతాయి, నడుమ ఉన్న నీ గొంతు పెద్దదవుతుంది. అందుకే కొందరు 4.5 డెసిబెల్స్ దగ్గర రాజీ పడతారు. ఏదైనా మొదట్లోనే ఎంచుకో. సగం పనయ్యాక మారిస్తే అన్ని ట్రాకుల తూకమూ చెదురుతుంది.

ఇక మీరు రికార్డు చేసిన కచేరీ సంగతి. వేదిక మీద గాయని కుడిచేతి పక్క మృదంగం, ఎడమచేతి పక్క వయొలిన్. మృదంగం ఆయన గాయని వైపు తిరిగి కూర్చుంటే కుడి మూత సభకి ఎదురవుతుంది, నాదం సూటిగా జనంలోకి వెళ్తుంది. ఎడమచేతి వాటం విద్వాంసుడైతే ఈ పక్కలు మారతాయి. ఎదురుగా కూర్చున్నవాళ్లకి మృదంగం ఎడమన, వయొలిన్ కుడిన. రికార్డు వినేవాడూ అక్కడే కూర్చుంటాడు కాబట్టి అలాగే పెట్టు. గొంతుని నడుమ నుంచి కదపకు. తక్కిన రెండిటినీ సగందాకా కూడా లాగక్కర్లేదు, ముప్పై శాతం చాలు.

ఇంకో సంగతి. మీ ముగ్గురూ ఒకే గదిలో కూర్చుని రికార్డు చేశారు కదా, వయొలిన్ మైకులో మృదంగం కూడా పడింది. వయొలిన్‌ని కుడికి జరిపితే ఆ మృదంగమూ దానితోపాటే కుడికొస్తుంది. ఎడమన ఒక దెబ్బ, కుడిన దాని నీడ. మృదంగం ఎక్కడుందో చెవికి తేలదు. ముందు ఆ వయొలిన్ ట్రాక్‌ని ఒంటరిగా విను. మృదంగం బాగా వినిపిస్తుంటే దాన్ని పక్కకి లాగడం తగ్గించు. తర్వాత మొత్తం పాటని మోనోలో పెట్టి ఒకసారి విను. ఏ వాయిద్యమైనా మునిగిపోతే దాని పాన్ ముట్టుకోకు, వాల్యూమ్ సరిచెయ్యి.