బోలు గిటారు నడుమ మేపుల్ దిమ్మ

ఎలక్ట్రిక్ గిటార్లలో సెమీ హాలో అనే రకం ఒకటి ఉంది. వయొలిన్ మీద ఉన్నట్టే ఎఫ్ ఆకారపు చీలికలు రెండు, వెడల్పాటి పలుచని ఒళ్లు, లోపల కొంత గుల్ల, కొంత గట్టి. దీని నాదం మిగతా ఎలక్ట్రిక్ గిటార్ల కన్నా నిండుగా, గుండ్రంగా ఉంటుందని వాయించేవాళ్లు చెబుతారు. కారణం అడిగితే లోపల గాలి ఆడుతుంది కదా అంటారు. వినడానికి సబబుగానే ఉన్న ఆ జవాబు అసలు సంగతిని పక్కదారి పట్టిస్తుందని నా అభిప్రాయం. ఈ గిటారు గుణాన్ని తీర్చేది లోపలి ఖాళీ ఒక్కటే కాదు, ఆ ఖాళీ నడుమ మెడ మొదలు నుంచి అడుగు దాకా నిలిపిన కొయ్య దిమ్మ కూడా. ఆ రెంటి పొత్తు వల్ల వచ్చే తేడా చిన్నగా వాయించినప్పుడు కొద్దిగానే తెలుస్తుంది. ఆంప్లిఫయర్ శబ్దం పెంచేకొద్దీ బయటపడుతుంది.

ముందు తీగ మోత మన చెవికి ఏ దారిన చేరుతోందో చూడాలి. బొబ్బిలి వీణలో తీగ తానుగా కదిపే గాలి బహు స్వల్పం. ఆ కంపనం పనసకొయ్యతో తొలిచిన కుండలోకి దిగి, కుండ పైపలక కదిలి, అది గాలిని కదిపితేనే మనకు నాదం వినబడుతుంది. కాబట్టి వీణలో కొయ్యా గుల్లా లేకపోతే పాటే లేదు. ఎలక్ట్రిక్ గిటారు పద్ధతి వేరు. దాని తీగల కింద పికప్ ఉంటుంది. అంటే అయస్కాంతాలు, వాటి చుట్టూ కొన్ని వేల చుట్లుగా సన్నని రాగి తీగ. ఆ అయస్కాంత క్షేత్రంలో ఉక్కు తీగ కదిలితే రాగి చుట్టలో కొద్దిపాటి విద్యుత్తు పుడుతుంది. ఆంప్‌కు వెళ్లేది ఆ విద్యుత్తే. మైక్రోఫోన్‌లా గాలి కదలికను పట్టుకోవడం పికప్ పని కాదు. లోపలి గాలి ఎంత ఊగినా, ఆ ఊపు తిరిగి తీగనో, పికప్ బిగించిన పలకనో కదిలిస్తే తప్ప ఆంప్ దాకా చేరదు. అందుకని గుల్ల ఎంత పలికిందన్నది కాదు, ఒళ్లు తీగను ఏం చేసిందన్నదే ఇక్కడ అడగవలసిన ప్రశ్న.

ఈ దిమ్మ గిటారులోకి ఎలా వచ్చిందో తెలిస్తే దాని పని కూడా అర్థమవుతుంది. గిబ్సన్ సంస్థ 1936లో తెచ్చిన ఈఎస్-150 పూర్తిగా బోలు గిటారు. బెన్నీ గుడ్‌మన్ బృందంలో చార్లీ క్రిస్టియన్ చేతిలో జాజ్ లోకం చెవికెక్కింది అదే. అయితే బోలు గిటార్లకు శబ్దం పెంచితే ఊళ వేసే జబ్బు ఉంది. లెస్ పాల్ అనే గిటారిస్టు 1940 ప్రాంతంలో నాలుగంగుళాల చదరపు పైన్ దూలానికి మెడ, తీగలు, పికప్‌లు బిగించి వాయించాడు. చూడ్డానికి గిటారులా ఉండాలని ఒక బోలు గిటారు ఒంటిని రెండుగా కోసి చెరోపక్క తగిలించాడు. ఆ రెక్కలు రూపం కోసమేనని, పలికే పనంతా దూలానిదేనని గుర్తుపెట్టుకోవాలి. 1950లో ఫెండర్, 1952లో గిబ్సన్ పూర్తి గట్టి గిటార్లను మార్కెట్‌కు తెచ్చాయి. ఊళ తగ్గింది గానీ పాత రూపం, పాత పలుకు కావాలన్నవాళ్లు మిగిలిపోయారు. గిబ్సన్ అధ్యక్షుడు టెడ్ మెకార్టీ హయాంలో 1958లో వచ్చిన ఈఎస్-335 ఈ రెంటి మధ్య రాజీ. పదహారు అంగుళాల వెడల్పు ఒంటి నడుమ మేపుల్ దిమ్మ నిలిపి, వంపు తిరిగిన పలకలకూ దిమ్మకూ మధ్య సందు లేకుండా స్ప్రూస్ కొయ్యతో నింపారు. గుల్ల రెండు పక్కలకే మిగిలింది. పలకలు మేపుల్, పోప్లార్ పొరలు అతికించిన ప్లైవుడ్. ఖరీదైన వాయిద్యానికి ప్లైవుడ్ ఏమిటని ముఖం చిట్లించనక్కర్లేదు. తేలిగ్గా కంపించని బిగువైన పలకే వాళ్లకు కావలసింది.

మీటిన తీగలో ఉన్న శక్తి ఇంతే అని ఉంటుంది. అది తీగలు ఆనే బ్రిడ్జి గుండా, మెడ గుండా ఒంటిలోకి జారిపోయేకొద్దీ స్వరం త్వరగా అణిగిపోతుంది. తేలికైన పలుచని పలక మీద బ్రిడ్జి నిలిస్తే పలక ఆ శక్తిని చురుగ్గా లాక్కుంటుంది. మీటిన క్షణంలో చప్పుడు గట్టిగా వచ్చి వెంటనే పడిపోతుంది. పాత జాజ్ గిటార్లలో వినిపించే ఆ పొట్టి స్వరం ఇలా పుట్టిందే. 335లో బ్రిడ్జి మేకులూ, తీగలు బిగించే తోకముక్క మేకులూ నేరుగా దిమ్మలోకి దిగుతాయి. బరువైన దిమ్మను తీగ కదిలించలేదు, కాబట్టి శక్తి తీగలోనే నిలుస్తుంది, స్వరం సాగుతుంది. స్వరం సాగడం ఎంత విలువైన సంగతో మన తెలుగువాళ్లకు పాలకొల్లు యు. శ్రీనివాస్ చూపించాడు. మామూలు మాండలిన్‌లో స్వరం పుట్టీపుట్టగానే పోతుంది. ఎలక్ట్రిక్ మాండలిన్ మీద ఆయన గమకాలను నిలబెట్టగలిగాడు. ఈ లెక్కలో ఒంటితో పాటు మెడకూ వాటా ఉంది. జర్మనీలో హెల్ముట్ ఫ్లైషర్, టిల్మాన్ స్వికర్ 1990లలో ఎలక్ట్రిక్ గిటార్ల కంపనాలను కొలిచి, మెడ మీది మెట్లైన ఫ్రెట్లలో కొన్నింటి దగ్గర స్వరం అర్ధాంతరంగా చచ్చిపోవడానికి మెడ కంపనమే ముఖ్య కారణమని చూపారు. గిటారు నాదమంతా గుల్లకే ఆపాదించేవాళ్లు ఈ కొలతలను తప్పక పట్టించుకోవాలి.

ఇక ఆంప్ శబ్దం పెంచినప్పటి కథ. స్పీకర్ నుంచి వచ్చే మోత గదిలోని గాలిని కదుపుతుంది. ఆ గాలి గిటారు ఒంటిని తాకుతుంది, ఒళ్లు తీగను కదుపుతుంది, తీగ కదలికను పికప్ మళ్లీ ఆంప్‌కు పంపుతుంది. ఉయ్యాల తిరిగి వచ్చే సమయానికి సరిగ్గా తోస్తే ఊపు ఎలా పెరుగుతుందో, ఈ చుట్టు తిరిగిన శబ్దం తీగ కదలికతో తాళం కలిస్తే అలా పెరిగిపోతుంది. ఫీడ్‌బ్యాక్ అనేది ఇదే. 1964లో బీటిల్స్ పాట ‘ఐ ఫీల్ ఫైన్’ మొదట్లో వినిపించే గుర్రుమనే మోత, జాన్ లెన్నన్ బోలు గిటారు ఆంప్‌కు చేరువైనప్పుడు పుట్టింది. ఇక్కడో చిక్కు ప్రశ్న వస్తుంది. దిమ్మ వల్ల తీగ నుంచి ఒంటికి శక్తి పోదంటున్నారు కదా, మరి ఒంటి నుంచి తీగకు శక్తి ఎలా వస్తుంది? రాకపోకలకు దారి ఒకటే, రెండు వైపులా ఇరుకే. కానీ పోయే వైపు ఉన్నది ఒక్క తీగ ఊపు, వచ్చే వైపు ఉన్నది యాభై వాట్ల ఆంప్. అంత మోత ముందు ఇరుకు దారి గుండా వచ్చే కొద్ది పాలూ తీగను ఆరిపోనివ్వకుండా పట్టుకోవడానికి సరిపోతుంది. పూర్తి బోలు గిటారులో ఆ దారి మరీ వెడల్పు, అదుపు తప్పుతుంది. గట్టి గిటారులో మరీ సన్నం, ఎంతో శబ్దం పెడితే తప్ప తీగ స్పందించదు. 335 ఈ రెంటి నడుమ ఉండి, వాయించేవాడు ఆంప్‌కు కాస్త దగ్గరగానో దూరంగానో జరిగి స్వరాన్ని నిలిపే వీలు ఇస్తుంది. 1969 వుడ్‌స్టాక్ సంగీతోత్సవంలో గిటారిస్టు ఆల్విన్ లీ అంత పెద్ద శబ్దంతో వాయించింది ఈ గిటారునే.

నాదమంతా పికప్‌దే, ఒంటికి వాటా లేదనే వాదన ఒకటి బలంగా ఉంది. అందులో నిజం లేకపోలేదు. 1958 నాటి 335నూ, అదే ఏటి గిబ్సన్ గట్టి గిటారైన లెస్ పాల్ మోడల్‌నూ పక్కపక్కన పెడితే హంబకర్ పికప్‌లు ఒకటే, తీగ పొడవు ఒకటే, బ్రిడ్జి తీరు ఒకటే. శబ్దం తగ్గించి వాయిస్తే రెంటినీ చెవితో వేరుచేయడం చాలామందికి కష్టమే. ఆ మేరకు ఆ వాదనను ఒప్పుకుంటాను. కానీ అదే వాదనతో ఫీడ్‌బ్యాక్‌లో కనబడే తేడాను వివరించలేరు. వాయించేవాళ్లు ఇంట్లో వినే నిండుదనంలో కొంత రికార్డింగ్‌లో కనబడకపోవడానికి కూడా కారణం ఉంది. ఒళ్లు నేరుగా గదిలోకి పంపే పలుకును పక్కనున్న చెవి వింటుంది, పికప్ వినదు. 1959లో వచ్చిన ఈఎస్-330 పైకి 335 లాగే ఉండి లోపల దిమ్మ లేనిది కాబట్టి దాన్ని సాక్ష్యంగా చూపేవాళ్లున్నారు. దాని పికప్‌లు కూడా వేరు రకం, పోలిక నిక్కచ్చిగా కుదరదు. దానికన్నా మంచి సాక్ష్యం బ్లూస్ గిటారిస్టు బి.బి. కింగ్. ఊళను ఆపడానికి ఆయన తన గిటారు చీలికల్లో గుడ్డలు కుక్కేవాడు. 1980లో గిబ్సన్ ఆయన కోసం చేసిన లూసిల్ మోడల్‌కు చీలికలే పెట్టలేదు. రెక్కల్లో గుల్ల ఉంది, దిమ్మ ఉంది, గాలికి దారి మాత్రం లేదు. ఆయన పలుకు ఆయనదిగానే ఉంది.

సెమీ హాలో అన్న పేరుతో అమ్మేవన్నీ ఒకే కట్టడం కావు. ఫెండర్ 1968లో తెచ్చిన టెలికాస్టర్ థిన్‌లైన్‌లో గట్టి కొయ్యనే లోపల తొలిచి గదులు చేసి ఒక చీలిక పెట్టారు. బరువు తగ్గించడం అందులో ముఖ్యోద్దేశం. బ్రిడ్జి గట్టి భాగం మీదే ఉంటుంది కాబట్టి పలుకులో అది మామూలు గట్టి టెలికాస్టర్‌కే దగ్గర. గిబ్సన్ కూడా 1960ల నడుమ 335కు తోకముక్కను దిమ్మలో దిగే మేకుల మీద నుంచి తీసేసి, ఒంటి అంచుకు తగిలించే ఊయల తీరుకు మార్చింది. ఆ తర్వాత చాలామంది పాత పద్ధతినే వెతికి కొన్నారు. అందుచేత కొనబోయేవాళ్లు చీలికలోంచి లోపలికి చూసి దిమ్మ మెడ నుంచి అడుగు దాకా ఉందా, మధ్యలో తెగిందా అని గమనించాలి. బ్రిడ్జి, తోకముక్క మేకులు దేనిలోకి దిగాయో అడగాలి. ఆ తర్వాత గిటారును దుకాణంలో చిన్న శబ్దంతో రెండు పాటలు వాయించి తేల్చుకోకుండా, తాము వేదిక మీద పెట్టే శబ్దంతో ఆంప్‌కు ఎదురుగా నిలబడి, ఒక్కో స్వరాన్నీ పట్టి ఎంతసేపు నిలుస్తుందో, ఎక్కడ ఊళ మొదలవుతుందో వినాలి.