తెలుగక్షరం చేసిన నేరమేంటి?

2018 ఫిబ్రవరిలో అమెరికా టెక్ వార్తల్లో ఒక తెలుగక్షరం మార్మోగిపోయింది: జ్ఞా. అదున్న మెసేజ్ వస్తే చాలు, ఐఫోన్‌లో యాప్ కుప్పకూలుతుందని గగ్గోలు. ఆకతాయిలు ట్విట్టర్‌లో తమ పేరు పక్కన దాన్ని తగిలించుకుని తమాషా చూశారు.

ఫోన్లని కూల్చే తెలుగక్షరం అన్నారు చూశారూ, నాకు ఒళ్లు మండింది అక్కడే. మీరు జ్ఞానం అని మామూలుగా టైపు చేస్తే ఏమీ కాదు. జ్ఞకీ దాని దీర్ఘానికీ మధ్య జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కంటికి కనపడని సంకేతం దూరితేనే తంటా. బెంగాలీలోనూ అలాంటి వరసలు అదే పని చేశాయి. అంటే తప్పు మన ఒత్తుది కాదు, అక్షరాలు పేర్చే ఆపిల్ కోడ్‌ది.

ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 వదిలి సరిచేశారు. సంతోషం. కానీ అది తెలుగు మీద ప్రేమ అనుకోను. తెలుగు ముక్క రానివాళ్ల ఫోన్లూ మొరాయించాయి కాబట్టే ఆ తొందర. ఒత్తులు విడిపోవడం లాంటి, మనకి మాత్రమే తగిలే లోపాలకి అంత తొందర ఎవరికుంటుంది?

కాలిఫోర్నియా ఆఫీసుల్లో కోడ్ రాసే తెలుగువాళ్లకి కొదవా? టెస్ట్ డేటాలో హలో వరల్డ్ పక్కన ఒక జ్ఞా కూడా పెట్టండి బాబూ, ఆ కనపడని సంకేతంతో సహా!