ఇంజన్ ఆయిల్ లెవల్: చూసే జాగ సరిగా ఉంటేనే లెక్క సరి



ఈసారి వీడియో జీవామృతం మీద కాదు, కషాయాల మీదా కాదు. మన బియ్యం, బెల్లం, పసుపు ఇంటింటికీ చేర్చే బండి మీద. మందుల్లేకుండా పండించడం సగం పనే. నిజాంసాగర్ నుంచి నిజామాబాద్‌లో కొనేవాళ్ల గుమ్మం దాకా చేర్చడం మిగతా సగం. బండి ఆగితే ఆ వారం అమ్మకం ఆగినట్టే.

నాది సెకండ్ హ్యాండ్ డీజిల్ కారు. పోయిన వానాకాలంలో పొలం కాడ కాలువ గట్టు వాలులో ఆపి, ఇంజన్ బంద్ చేసిన వెంటనే బానెట్ ఎత్తి ఆయిల్ గేజీ పుల్ల గుంజి చూసిన. కొసకే ఇంత ఆయిల్ అంటింది. భయమై డిక్కీలో ఉన్న లీటరు డబ్బా మొత్తం పోసేసిన. తెల్లారి లోడుతో రుద్రూర్ దాటేసరికి వెనక నీలం పొగ మొదలైంది. మెకానిక్ బండిని సమంగా ఉన్న గచ్చు మీద పెట్టి, కాసేపు ఆగి పుల్ల చూసిండు. ఆయిల్ పై గీత దాటి చాలా పైకి ఉంది. "అన్నా, ఆయిల్ తక్కువ లేకుండె. నువ్వు చూసిన జాగ తప్పుండె" అన్నడు. ఎక్కువైన ఆయిల్ తీసేసి, కారుతున్న ఒక సీలు మార్చేసరికి రోజంతా పోయింది. ఆ రోజు ఒక్క ఇంటికి కూడా బియ్యం అందలేదు.

అందుకే చెప్తున్నా: తప్పుగా చూసి ఆయిల్ పోయడం కంటే ఆ రోజు చూడకుండా ఉండడమే నయం. సరిగ్గా చూడడానికి ఐదు సంగతులు చాలు. వీడియోలో కూడా ఇదే వరసలో చూపించాను.

1. జాగ: 200 లీటర్ల డ్రమ్ములో జీవామృతం సగం ఉన్నప్పుడు ఒక పక్కకు వంచి చూడండి. ఒక అంచున పైకి, ఇంకో అంచున కిందికి కనబడుతుంది. లోపల ఉన్నది మాత్రం అంతే. ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ సంపు కూడా ఇంతే. పుల్ల అందులో ఒక్క చోటే దిగుతుంది. గట్టు మీద, పొలం దారిలో, ఒక చక్రం గుంతలో ఉన్నప్పుడు చూడొద్దు. కల్లం గచ్చు లాంటి సమమైన చోట చూడాలి.

2. సమయం: ఇంజన్ తిరుగుతున్నప్పుడు ఆయిల్ పై భాగాలదాకా పోతుంది. బంద్ చేశాక కిందికి దిగడానికి 5 నుంచి 10 నిమిషాలు ఆగాలి. కొన్ని కంపెనీలు చల్లటి ఇంజన్ మీద చూడమంటాయి; మీ బండి పుస్తకంలో ఎట్ల ఉంటే అట్లనే. వేడికి ఆయిల్ వ్యాకోచిస్తుంది. 4 లీటర్ల ఆయిల్ 30 డిగ్రీల నుంచి 90 డిగ్రీలకు వేడెక్కితే సుమారు 150 మిల్లీలీటర్లు ఎక్కువ జాగ తీసుకుంటుంది. అందుకే ప్రతిసారీ ఒకే తీరుగా చూస్తేనే పోయినసారితో పోల్చుకోవచ్చు.

3. తుడుపు: మొదటిసారి గుంజినప్పుడు కనబడేది లెక్కలోకి రాదు. ఇంజన్ తిరిగినప్పుడు చిమ్మిన ఆయిల్ పుల్లకు పైదాకా అంటుకుని ఉంటుంది. పోగులు రాలని శుభ్రమైన గుడ్డతో తుడవాలి. మన బండ్ల మీద మట్టి, ఊక దుమ్ము ఎక్కువ కాబట్టి గుంజే ముందు పిడి చుట్టూ కూడా తుడవండి.

4. రెండో చూపు: పుల్లను పూర్తిగా అడుగుదాకా దించి మళ్లీ తీయాలి. కొస కిందికే ఉండాలి. పైకి ఎత్తితే ఆయిల్ పాకి తప్పు చూపిస్తుంది. రెండు వైపులా చూసి, రెండింట్లో తక్కువ ఉన్నదే లెక్క పట్టుకోండి.

5. గీతలు: కింది గీతకు, పై గీతకు మధ్యలో ఎక్కడున్నా బాగున్నట్టే. చాలా కార్లలో ఈ రెండింటి మధ్య తేడా ఇంచుమించు లీటరు, చిన్న ఇంజన్లలో ఇంకా తక్కువ. కింది గీత దగ్గరికి వస్తే పుస్తకంలో చెప్పిన గ్రేడ్ ఆయిలే 200 మిల్లీలీటర్లు పోసి, ఐదు నిమిషాలు ఆగి, మళ్లీ చూడాలి. ఒకేసారి డబ్బా బోర్లించొద్దు.

మన నిజాంసాగర్ నిండు మట్టం 1405 అడుగులు. ఆ మట్టానికి చేరినంక వరద వస్తుంటే గేట్లు ఎత్తుతారు. ఇంజన్‌కు అట్లాంటి గేట్లు లేవు. ఎక్కువ పోస్తే క్రాంక్ ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది, సీళ్లు కారుతాయి, పొగ వస్తుంది. మరీ తక్కువైతే పంపు గాలి పీలుస్తుంది, బేరింగులు అరిగిపోతాయి. డాష్‌బోర్డు మీద ఎర్ర లైటు వస్తుంది కదా అనుకోవద్దు. చాలా బండ్లలో అది చెప్పేది ఆయిల్ ప్రెజర్ పడిపోయిందని. అప్పటికే ఆలస్యం. వెలిగితే వెంటనే ఇంజన్ బంద్ చేయండి.

రంగు కూడా చూడండి. డీజిల్ ఇంజన్‌లో నలుపు మామూలే. పాలు కలిసిన చాయ్ లాగ ఉంటే నీళ్లు చేరినట్టు. బండి నడపకుండా మెకానిక్‌కు చూపించాలి. లెవల్ పోయకుండానే పెరిగి, డీజిల్ వాసన వస్తున్నా అంతే.

ట్రాక్టర్‌కూ ఇదే పద్ధతి. కొన్నింటికి పుల్లకు మర ఉంటుంది. బిగించి చూడాలా, ఊరికే దించి చూడాలా అన్నది పుస్తకంలో ఉంటుంది.

చివరి మాట మన పద్ధతికి సంబంధించింది. చెదలకని కంచె కట్టెలకు పాత ఆయిల్ పూసే అలవాటు కొందరికి ఉంది. అందులో అరిగిన లోహపు పొడి, కాలిన మసి ఉంటాయి. వానపాములను పెంచుకునే నేలలో దాన్ని పోయొద్దు. తుడిచిన గుడ్డను కూడా కాలువలో పారేయొద్దు. పాత ఆయిల్‌ను డబ్బాలో పట్టి, రీసైక్లింగ్‌కు పంపే వర్క్‌షాప్‌లో ఇచ్చేయండి.

నేనైతే ఇప్పుడు వారానికోసారి, లోడు ఎత్తే ముందు, కల్లం గచ్చు మీదనే చూస్తున్నా. పట్టేది పది నిమిషాలు. మీరు కూడా రేపు పొద్దున ఒకసారి చూసుకోండి.